మూడు మిల్లీమీటర్ల పన్ను

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దాన్ని స్టీలుతో, నా చేతులతో, ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లిన వేళ తయారుచేశాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ఇదీ ఒక ధైర్యమేనా? ఏమో, నాకున్నది ఇంతే.

అప్పుడు మల్లాపూర్‌లో వంటసామాన్లు చేసే ఒక చిన్న షెడ్డులో డిజైనర్‌ని. డిజైనర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, డిప్లొమా చదివిన నేను. ఆరు నెలలు చూసి పని ఖాయం చేస్తానన్నాడు ఓనరు. ఐదో నెలలో ఒక పిడి గీయమన్నాడు. విందుల్లో వడ్డించేవాళ్లు ఏ గిన్నెకైనా ఇట్టే తగిలించుకోగలగాలి. ఎడమచేత్తో పిడి పట్టుకుంటే వేడి గిన్నె కదలకూడదు, కుడిచేత్తో గరిటె తిప్పుకోవాలి.

గీశాను. గిన్నె అంచును పైనుంచి ఒక పట్టీ, కిందినుంచి ఒక చిన్న పన్ను పట్టుకుంటాయి. బరువంతా ఆ పన్ను మీదే. దాని పొడవు మూడు మిల్లీమీటర్లు పెట్టాను. ఇంకా పెంచితే తగిలించడం కష్టం, చూడ్డానికి మోటుగా ఉంటుందనుకున్నాను. ఇంటికి తీసుకెళ్లి మా గిన్నెల్లో నీళ్లు నింపి ఊపి చూశాను. కదల్లేదు. మావి పెళ్లికి వచ్చిన స్టీలు గిన్నెలు, అంచులు మందంగా చుట్టినవి. విందుల్లో వాడేవి పాత అల్యూమినియం గిన్నెలని, ఏళ్ల తరబడి తోమి తోమి వాటి అంచులు అరిగిపోయి ఉంటాయని నాకు తట్టనే లేదు. వడ్డించడానికి పిడి గీస్తూ, ఒక్క విందుకైనా వెళ్లి వడ్డన ఎలా జరుగుతుందో చూడని మేధావిని నేను.

మా వెల్డర్ సామేలు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, నాచారంలో అన్నావదినలతో ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా నన్ను సార్ అనేవాడు. మా షెడ్డులో డ్రాయింగు ఎవరూ చూడరు. మొదటి పిడి నేను చేసి, తీగ కట్టి గోడకున్న మేకుకు తగిలిస్తాను. అదే శాంపిల్. సామేలు దాని పన్ను మీద బొటనవేలు ఆనించి, ఆ వేలి గుర్తుతోనే మిగతావన్నీ కోసేవాడు. స్కేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అది చూసి నేను ఆశ్చర్యపోతే మురిసిపోయేవాడు.

మొదటి పిడుల్లో ఆరింటిని సామేలే ఓనరును అడిగి తీసుకుపోయాడు, వాళ్ల చర్చిలో ప్రేమవిందు ఉందని. ఆ ఆదివారం వాళ్ల వదిన ఎస్తేరమ్మ పప్పుచారు వడ్డిస్తుంటే గిన్నె పన్ను మీంచి జారింది. పొగలు కక్కే పప్పుచారు మోకాలి నుంచి పాదం దాకా పడింది. ఆమె నెల రోజులు దవాఖానాలో ఉంది.

సోమవారం పొద్దున ఓనరు ఆ పిడిని నా టేబుల్ మీద పడేసి, తప్పు డ్రాయింగులో ఉందో, కోసినవాడి దగ్గర ఉందో సాయంత్రంలోగా తేల్చమన్నాడు. తప్పు నా డ్రాయింగులోనే ఉందని నాకు చూడగానే తెలిసిపోయింది. ఇంకొక్క నెలలో పని ఖాయం. మా ఆవిడకు ఏడో నెల. ఇవన్నీ కారణాలేనా? అప్పుడు కారణాల్లాగే కనిపించాయి.

మధ్యాహ్నం షెడ్డు ఖాళీ అయ్యాక, ఐదు మిల్లీమీటర్ల పన్నుతో ఇంకో పిడి చేశాను. కొత్తగా మెరవకుండా నూనె, మసి పూశాను. పాత తీగే కట్టి అదే మేకుకు తగిలించాను. కంప్యూటరులో మూడు చెరిపి ఐదు కొట్టాను. అసలు శాంపిల్‌ని సంచిలో వేసుకుని, సాయంత్రం నాగోల్ దాకా చుట్టూ తిరిగి వెళ్లి వంతెన మీంచి మూసీలో పడేశాను. ఈ శ్రద్ధలో సగం గిన్నెల మీద పెట్టి ఉంటే సరిపోయేది.

ఆ వంతెన దాకా వెళ్లకముందే, మూడింటికి సామేలు దవాఖానా నుంచి షెడ్డుకు వచ్చాడు. నేరుగా వెళ్లి శాంపిల్ మీద బొటనవేలు ఆనించాడు. తర్వాత జారిన పిడి మీద. మళ్లీ శాంపిల్ మీద. ఇది ఆ శాంపిల్ కాదు అంటాడనుకున్నాను. అని ఉంటే నిజం ఒప్పుకునేవాణ్నా, బుకాయించేవాణ్నా? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను, బుకాయించేవాణ్ననే తేలుతోంది.

"నేనే తక్కువ కోసిన సార్," అన్నాడు. "గింత తేడా నా ఏలికి ఎట్ల తెల్వలేదో. మా వదిన కాలు నేనే గాల్చిన."

"ఊరుకో సామేలూ. పనిలో ఒక్కోసారి అవుతుంది."

"గట్లెట్ల అయితది సార్? ఒక్కటైతే అనుకోవచ్చు. అన్నీ గట్లనే కోసిన."

"మనసులో పెట్టుకోకు. ఓనరుతో నేను మాట్లాడతాను."

నాకు చేతులు జోడించాడు. శాంపిల్ మార్చడం కన్నా ఆ ఓదార్పే నన్ను ఎక్కువ కాలుస్తోంది. ఆ దొంగపని భయంతో చేశాను. ఓదార్పు మాత్రం తీరిగ్గా, మంచివాడిలా, అతని భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాను.

నేను చెప్పాననే ఓనరు అతన్ని తీసేయలేదని షెడ్డులో నాకు మంచిపేరు కూడా వచ్చింది. సామేలే ఉండలేకపోయాడు. ఒక్కో పన్నుకు నాలుగుసార్లు వేలు ఆనించేవాడు. నమ్మకం చాలక స్కేలు పెట్టేవాడు. స్కేలునూ నమ్మక నన్ను పిలిచేవాడు, జర సూడుండ్రి సార్ అని. చూసి, సరిగ్గానే ఉందనేవాణ్ని. ప్రతిసారీ సరిగ్గానే ఉండేది. పది రోజులకు పని మానేశాడు. ఐదు మిల్లీమీటర్ల పిడి బాగా అమ్ముడుపోయింది, నా పని ఖాయమైంది.

పోయిన ఏడాది ఉప్పల్‌లో కనిపించాడు. ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నాడట. ఆదివారం చర్చి విందుకు రమ్మని పట్టుబట్టాడు. ఆ రోజు చెప్పేయాలనే వెళ్లాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. కొద్దిగా కుంటుతూ వచ్చి ఎస్తేరమ్మే నాకు వడ్డించింది. సామేలు ఎక్కడా కనిపించలేదు. తిన్నాక చేయి కడుక్కోవడానికి వెళితే, వెనక కుళాయి దగ్గర పళ్లేలు తోముతున్నాడు. వడ్డించడానికి రాలేదేమని అడిగాను.

"ఏడి గిన్నెలు ముట్ట సార్. నా చేతిని నేనే నమ్మ," అన్నాడు నవ్వుతూనే.

నోటిదాకా వచ్చింది. మింగేశాను. తిడతాడని కాదు, తిట్టడు. కాసేపు నా ముఖం చూసి, వచ్చే ఆదివారం ప్రార్థనలో నా పేరు కూడా చేరుస్తాడు. దాన్ని తట్టుకోలేననుకున్నాను. అంటే, అతని చెయ్యి మీద అతనికి నమ్మకం తిరిగి ఇవ్వగలిగి కూడా, నా పరువు చూసుకుని ఇవ్వలేదు. ఇందులో తెలియక చేసింది ఏమీ లేదు.

ఇది రాస్తుంటే కొంచెం ఊపిరాడుతోంది. ఆ ఊపిరి నా ఒక్కడికే, సామేలుకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఎక్కడో ఒకచోట ఈ మాట రాసి ఉండాలి, అంతే. పన్ను మూడు మిల్లీమీటర్లని గీసింది నేను. సామేలు ప్రతి ఒక్కటీ సరిగ్గా మూడే కోశాడు.