పుట్టి మీద పెండ్లి గుర్రం

మా ఊరు చూడాలంటే ఎండాకాలంలో రావాలి. వానాకాలంలో వస్తే నీళ్ళే కనపడతాయి. డ్యామ్ కట్టినప్పుడు కింది ఊరంతా మునిగింది. జనం పరిహారం తీసుకొని కర్నూలు వైపు కొందరు, నంద్యాల వైపు కొందరు వెళ్ళిపోయారు. ఎత్తు మీదున్న ముప్పై ఇండ్లవాళ్ళం మాత్రం కదల్లేదు. మొండితనం అనుకోండి, పోవడానికి చోటు లేక అనుకోండి, మీ ఇష్టం. శ్రావణంలో ఏరు వచ్చిందంటే మేముండే దిబ్బ చుట్టూ నీళ్ళు కమ్ముకుంటాయి. మళ్ళీ మాఘం దాకా మాకు బస్సు లేదు, మోటారు సైకిల్ లేదు. వెదురుతో అల్లి, కింద యూరియా సంచులు కుట్టి తారు పూసిన గుండ్రటి పుట్టి ఒక్కటే దిక్కు.

ఓర్వకల్లు వైపు నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా మీకేమప్పా, ఇంటి ముందరే ఏరు అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు బోరు ఎండిపోయిన బాధ, మాకు పొలం మునిగిన బాధ. కాన్పు నొప్పులొస్తే పుట్టి ఎక్కించాలి, పాము కరిస్తే పుట్టి ఎక్కించాలి. గాలి ఎక్కువైతే పుట్టి కూడా కదలదు. ఈ మాట చెప్తే వాళ్ళు ఫోను తీసి నీళ్ళను ఫొటో తీసుకుంటారు.

అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి, మేమూ అక్కడ సుఖపడ్డాం. మేమంటే ముగ్గురం. నేను, పుట్టి నడిపే నా ఈడువాడు ఒకడు, గుర్రం పెట్టుకున్న మా బావ. బావ అంటే చుట్టరికం కాదు. వాళ్ళు సాయిబులు, మేం సేద్యగాళ్ళం. చిన్నప్పటి నుంచి వాడు నన్ను బావా అంటే నేను వాణ్ణి బావా అన్నాను, అంతే. వాళ్ళ తాత జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలు పోయాక వాళ్ళ నాయన గుర్రాన్ని పెండ్లిండ్లకు తిప్పాడు. మా బావ కూడా అదే పని పట్టుకున్నాడు. రాయచోటి అవతల ఎక్కడో కొనుక్కొచ్చిన తెల్ల ఆడగుర్రం. వాడికి ఆడపిల్లలు లేరు, దాన్నే బేటీ అని పిలిచేవాడు. భార్య మీద కేకలేసేవాడు గాని దాన్ని ఒక్క మాట అనేవాడు కాదు. ఆమె నవ్వేది, నన్ను కూడా గుర్రం పక్కనే కట్టేయమని చెప్పన్నా అని నాతో అనేది.

దిబ్బ మీద గడ్డి బాగా ఉంటుంది, అందుకే గుర్రాన్ని ఇక్కడే పెట్టుకున్నాడు. పొద్దున్నే దాన్ని నీళ్ళలోకి దించి, వాడు తోక పట్టుకొని వెనక ఈదేవాడు. మేమిద్దరం గట్టు మీద చేపలు కాల్చేవాళ్ళం. ఉప్పు, కారం, జొన్నరొట్టె, ఇంకేం కావాలి. రంజాన్ నెలలో వాడు ఉపవాసం ఉంటే మేమూ ఏమీ కాల్చేవాళ్ళం కాదు. మీరు తినండ్రా, నాకేమన్నా దిష్టి తగుల్తాదా అని వాడే తిట్టేవాడు. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఒండ్రులో దోసకాయలు వేసేవాళ్ళం, సగం గుర్రమే తినేది. నేను కట్టె పట్టుకొని తరుముతుంటే వాడు నాకూ గుర్రానికీ మధ్య నిలబడేవాడు. వాడి ముఖం చూస్తే నాకు కోపం నిలిచేది కాదు.

పెండ్లి గుర్రానికి ఆట నేర్పాలి. తప్పెట మోగితే ముందుకాళ్ళు మార్చి మార్చి ఎత్తాలి, అప్పుడే పిలిచేవాళ్ళుంటారు. ఆ ఆట నేర్పింది నేనే. నూనె డబ్బా ఒకటి ముందర పెట్టుకొని నేను దరువేసేవాణ్ణి. కాలెత్తినప్పుడల్లా వాడు బెల్లంముక్క నోట్లో పెట్టేవాడు. ఒక ఎండాకాలమంతా సాయంత్రాలు అదే పని. చివరికి బెల్లం లేకపోయినా, దూరాన ఎవరో బిందె తోముతున్నా, దాని కాళ్ళు ఆగేవి కావు. మేం ముగ్గురం పడీ పడీ నవ్వేవాళ్ళం.

నవ్వులాట సరే, ఏరు దాటించేటప్పుడు మాత్రం దాంతో చిక్కు. రెండు పుట్లను జతకట్టి, పైన చెక్కలు పరిచి, దాని మీద గుర్రాన్ని నిలబెట్టేవాళ్ళు. బండ్లు దాటించేది కూడా అట్లాగే. మోటారు సైకిల్ కదలకుండా ఉంటుంది, గుర్రానికి చెప్పలేం కదా. అందుకని ఎక్కించే ముందు బావ దాని చెవుల్లో దూది పెట్టి, పైన గుడ్డ చుట్టి, గడ్డం కింద ముడి వేసేవాడు. అది విప్పేది అవతలి గట్టు దిగాకే. పుట్టి నడిపేవాడు ఆ కాసేపు తెడ్డు కూడా చప్పుడు కాకుండా వేసేవాడు.

పోయినేడు శ్రావణంలో మా అబ్బాయి పెండ్లి. అమ్మాయి వాళ్ళది అవతలి గట్టు నుంచి కాస్త లోపల ఉన్న ఊరు. ఊరేగింపుకు గుర్రం మా బావదే, అందులో అడిగేదేముంది. మేమంతా మొదటి పుట్లలో దాటాం. అమ్మాయి తరఫువాళ్ళు పెద్ద ఇంటివాళ్ళు, మమ్మల్ని మునకోళ్ళు అని వెనకాల అంటారని నాకు తెలుసు. ఆ మాట నాకు లోపల గుచ్చుకొని ఉండేది. గుర్రం దిగంగానే వాళ్ళు నోరు తెరుచుకొని చూడాలని నా కోరిక. అందుకే బావకు ఫోను చేసి, కుచ్చు, పూసల పట్టీ, జరీ గుడ్డ అన్నీ ఇంటి దగ్గరే కట్టి తీసుకురమ్మన్నాను.

"తల అంతా కడితే చెవులకు గుడ్డ చుట్టేకి కాదు గదా బావా" అన్నాడు వాడు.

"ఈడ కొట్టేవాళ్ళు ఎవురుండారప్పా? తప్పెట్లు మండపం కాడ ఉండాయి. కట్టుకొనిరా" అన్నాను నేను.

ఆ మాట అన్నప్పుడు తప్పెట్లు మండపం దగ్గరే ఉన్నాయి. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఒక గంట తర్వాత అమ్మాయి మేనమామలు గుర్రం చూడడానికి గట్టుకు వస్తామన్నారు. వట్టిగా ఏం బాగుంటుందని తప్పెట కొట్టే ముసలాయన్ని, ఆయన ఇద్దరు కొడుకుల్ని నేనే పిలుచుకొచ్చాను. గట్టు మీద నిలబడి చూస్తుంటే నీళ్ళ నడుమ తెల్లగా గుర్రం, దాని మీద జరీ మెరుస్తోంది. అందరూ అబ్బా అన్నారు. ఒక్క క్షణం నాకు లోకమే తెలియలేదు. కొట్టమన్నాను.

ముసలాయన నా వైపు చూశాడు. గుర్రం ఇంకా పుట్టి దిగలేదు గదయ్యా అన్నాడు. నేను చెయ్యి ఎత్తి మళ్ళీ సైగ చేశాను.

తప్పెట మోగింది. గుర్రం చెవులు నిక్కించింది. ముందు ఒక కాలు ఎత్తింది, తర్వాత ఇంకోటి. మేనమామలు ఈలలు వేశారు, పిల్లలు ఫోన్లు పైకెత్తారు. గుర్రం తమ కోసమే ఆడుతోందనుకొని ముసలాయన కొడుకులు ఇంకా గట్టిగా కొట్టారు. చెక్కలు ఒక పక్కకు ఒరగడం నాకు కనిపించింది. ఆపండి అని అరిచాను, ఆ మోతలో ఎవరికి వినపడుతుంది. పుట్టి నడిపేవాడు తెడ్డు ఊపుతూ ఏదో అంటున్నాడు. జతకట్టిన తాడు తెగింది. చెక్కలు, గుర్రం, మనుషులు అన్నీ ఒకేసారి నీళ్ళలోకి పోయాయి.

మా బావ ఈత రానివాడు కాదు. కానీ గుర్రం పగ్గాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకునే అలవాటు వాడికి. గుర్రం భయపడి ఎటు లాగితే అటు పోయాడు. పుట్టి నడిపేవాడు చెక్క పట్టుకొని తేలాడు. గుర్రం చాలా దిగువన గట్టెక్కింది, మెడకు తెగిన పగ్గంతో. బావ రెండో రోజు దొరికాడు.

ముహూర్తం తప్పకూడదని పెద్దలు పట్టుబట్టి ఆ రోజే తాళి కట్టించారు. ఏటిలో వల వేసి వెతుకుతుంటే నేను, నీళ్ళలో దిగి వెతికొచ్చిన తడి బట్టలతోనే, మండపంలో నిలబడి అక్షింతలు వేశాను. ఇప్పటికీ ఎక్కడైనా పెండ్లిలో అక్షింతలు చేతిలో పెడితే పక్కవాళ్ళకు ఇచ్చేస్తాను. ఈ శ్రావణంలో నా కొడుకు, కోడలు తమ పెండ్లిరోజు చేసుకోలేదు. వాళ్ళను నేను అడగను.

ఇంత జరిగాక ఎవరినో ఒకరిని అనాలి కదా జనానికి. నేను సైగ చేయడం చూడని మా దిబ్బవాళ్ళు ఆ సాయంత్రమే తప్పెట ముసలాయన్ని పట్టుకున్నారు. గుర్రం నీళ్ళలో ఉంటే ఎట్లా కొట్టావు అని ఒకడు చెంప మీద కొట్టాడు, ఇంకొకడు తప్పెట తీసి రాయికేసి పగలగొట్టాడు. ఆయన మనం పిలిస్తే తప్ప మన వీధిలోకి రాని మనిషి. అప్పుడు కూడా నా వైపు ఒకసారి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. దిబ్బ మీద ఏ పనికీ ఆయన్ని పిలవకూడదని కట్టడి పెట్టారు. ఆ తర్వాత ఎవరైనా చచ్చిపోతే కూడా కర్నూలు నుంచి బ్యాండు తెప్పించుకున్నారు.

నేను నోరు తెరవలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను. భయం. చెప్తే బావ భార్య ముఖం ఎట్లా చూడాలి అన్న భయం. అందుకు బదులు రోజూ గుర్రానికి గడ్డి కోసి వేశాను. వాళ్ళ గుడిసె కప్పు కారితే సరిచేశాను. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు, గడ్డిమోపు దించగానే ఒక గ్లాసు టీ ఇచ్చి నా ఎదురుగా గడప మీద కూర్చునేది. అన్న ఎంత చేస్తున్నాడో అని ఊళ్ళో నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటే నాకు నన్ను చెప్పుతో కొట్టుకోవాలనిపించేది, అయినా విన్నాను.

గుర్రాన్ని అమ్మేయమని అందరూ చెప్పారు. ఆమె అమ్మలేదు. పెండ్లిండ్లకూ పంపలేదు.

మొన్న వినాయకుని నిమజ్జనం నాడు అవతలి గట్టు మీద డప్పులూ పాటలూ మొదలయ్యాయి. నీళ్ళ మీద మోత తేటగా వస్తుంది. నేను గడ్డి వేస్తున్నాను. కట్టుకొయ్యకు కట్టేసిన గుర్రం ఒక కాలు ఎత్తింది, దించింది, ఇంకో కాలు ఎత్తింది. బెల్లం కోసం మెడ చాచి పక్కకు చూసింది, అక్కడ ఎవరూ లేరు. ఆమె బయటికొచ్చి గోడకు ఆనుకొని చూస్తూ నిలబడింది. అక్కడే పేడ పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను. ఫోను సంగతి, గుడ్డ వద్దన్న సంగతి, కొట్టమన్నది నేనేనన్న సంగతి. ఏడ్చాను కూడా. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

ఆమె గుర్రం మెడ మీద చెయ్యి వేసి అది కుదుటపడే దాకా నిమిరింది.

"ఆ పొద్దు ఫోను పట్టుకుండింది నేనేనన్నా. ఆయన చేతులకు నూనె ఉండాదని నేనే చెవికాడ పెట్టింటి. నువ్వన్న మాటంతా నేనూ వింటి" అంది.

తెలిసీ ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావమ్మా అని అడిగాను.

"ఈ పొద్దు చెప్తాడు, ఈ పొద్దు చెప్తాడు అని చూస్తాంటి. నాకు చెప్పి ఏం చేస్తావన్నా, నాకు తెలిసిందే గదా. ఆ ముసలాయప్పను కొట్టిరి. ఆడ చెప్పు పో."

అంతే, లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, నన్ను పిలవనూ లేదు.

మరుసటి రోజు పొద్దున పుట్టి కోసం అందరూ రేవులో నిలబడి ఉన్నప్పుడు చెప్పాను. ముసలాయన్ని చెంప మీద కొట్టినవాడు కూడా అక్కడే ఉన్నాడు. పుట్టి నడిపే నా స్నేహితుడు తెడ్డు పక్కన పెట్టి నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. వాడు తప్ప మిగిలినవాళ్ళంతా నా చుట్టూ చేరారు. నన్ను తంతారనుకున్నాను. తన్నాలనే కోరుకున్నాను. ఆ కొట్టినవాడే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పెండ్లి గదప్పా. సంబరంలో ఎవురైనా కొట్టమంటారు. నువ్వేం కావాలని చేస్తివా?" అన్నాడు. అందరూ అవునన్నారు. ఒకామె నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

పోయినేడు ఈ మాట ఆ ముసలాయనతో వీళ్ళలో ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.