పురికొసకు వేలాడే ఫోను

ముస్తాక్ చేతిలోంచి ఫోను దిగడం లేదని ఆదోని పత్తి యార్డంతా చెప్పుకుంటోంది. లారీ మీది నుంచి జారిన పత్తి బోరెం, అంత పెద్ద బస్తా, అతని మీద పడిన మాట నిజమే. కానీ కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నెలలు గడిచాయి. కిటికీ పక్కగా పోయినవాళ్లకు లోపల్నుంచి కత్తుల చప్పుడు, రాక్షసుల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఫోను మోసే చెయ్యి బోరెం మొయ్యలేదా?" అని ఉమేష్ అంటే తోటి హమాలీలు నవ్వారు.

వాళ్ల గుంపుకో కట్టుబాటుంది. పనిలో దెబ్బ తగిలి పడుకున్నవాడికి లేచేదాకా కూలిలో భాగం ఇస్తారు. లేవగలిగి కూడా లేవనివాడి దగ్గర, యార్డులో పనికి గుర్తుగా ఇచ్చే హమాలీ బిళ్ళ వెనక్కి తీసుకుంటారు. మేస్త్రీ ఉచ్చీరప్ప ఆ బిళ్ళ కోసమే ఒక ఆదివారం ముస్తాక్ ఇంటికి వెళ్లాడు. ఎప్పుడు వెళ్లినా ముస్తాక్ చెల్లెలు అఫ్సానా తలుపు సగం తెరిచి, "నడుము నొప్పి, తగ్గుతాంది" అని పంపించేది. ఈసారి ఆయన నేరుగా లోపలికి నడిచాడు.

ముస్తాక్ గొంతు దాకా దుప్పటి కప్పుకొని వెల్లకిలా పడుకున్నాడు. బోరేలు కుట్టే పురికొస దూలానికి కట్టి ఉంది. ఫోను దాని చివర, అతని మొహానికి ఎదురుగా వేలాడుతోంది. అన్న చెప్పిన చోటల్లా అఫ్సానా తెర మీద వేలు పెడుతోంది.

ఫోను పట్టుకునే కష్టం కూడా మానేశాడన్నమాట. ఉచ్చీరప్ప మంచం దగ్గరికి వచ్చాడు.

"ఏం నవాబా, ఆడేకి కూడా మనిషిని పెట్టుకున్నావా?"

ముస్తాక్ కళ్లు మాత్రం తిప్పాడు. "కూర్చో అప్పా."

"దుడ్డు పెట్టి ఆడేదా ఇది?"

"దుడ్డు లేదప్పా. చిన్నప్పుడు బస్టాండు కాడ నెట్ సెంటర్లో కంప్యూటర్ మీద ఆడిన ఆట. ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. ఆరుమంది గుంపుగా అడవులూ గుహలూ తిరగాల."

"ఈడ అయిదుమందే ఉండారే."

"ఒకడు గుహలో సచ్చిపోయినాడు. గుడికాడికి పోతే లేపుతారు. వాని కత్తి, కవచం మేమే మోసుకొని పోతాండాం."

"మీ గుంపుకు మేస్త్రీ ఎవురు?"

"ఆ గొడ్డలోడు. నీ పేరే పెట్టినా. నీ మాదిరే ఊరికే అరుస్తాంటాడు."

అఫ్సానా నవ్వు దాచుకోవడానికి తల దించుకుంది. ఉచ్చీరప్ప ముందుకు వంగి తెర చూశాడు. బరువుకు ఆ అయిదుగురూ కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వీపు మీద మోత ఉన్నవాడి నడక ఆయనకు కొత్త కాదు.

"సచ్చినోని సామాను ఆడే పారేసి రాకూడదా?"

"లేసినాక వాడేం కట్టుకుంటాడప్పా?"

ఉచ్చీరప్ప పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

అఫ్సానా టీ తెచ్చింది. ఆయనకో గ్లాసు ఇచ్చి, మంచం పక్కన కూర్చుని అన్న మెడ కింద అరచెయ్యి పెట్టి లేపింది. సాసరులో చల్లార్చిన టీ కొంచెం కొంచెంగా అతని నోట్లో పోసింది. గడ్డం మీదికి కారిన చుక్కను పైట చెంగుతో తుడిచింది. దుప్పటి కింద అతని చేతులు కదలలేదు.

ఉచ్చీరప్ప చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. "ఎప్పట్నుంచి?"

"బోరెం పడినప్పట్నుంచే," అంది అఫ్సానా నేల చూస్తూ.

"నాకెందుకు సెప్పలేదురా?"

"లేసేదాకా భాగమన్నారు గదప్పా. లేవనే లేవనోనికి ఏమిస్తారని..." అన్నాడు ముస్తాక్.

లేచేవాడికి ఒక కట్టుబాటుంది. దొంగ నిద్రపోయేవాడికి ఒకటుంది. ఇతనికి ఏదీ లేదు. ఉచ్చీరప్ప గోడ వైపు చూశాడు. ఇత్తడి బిళ్ళ మేకుకు వేలాడుతోంది. రోజూ తుడుస్తున్నట్టు మెరుస్తోంది.

"ఆ గుడి ఇంకెంత దూరం?" అన్నాడు చివరికి.

"ఇంకా సానా ఉందప్పా."

"నడిపించు," అని స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

మరుసటి పొద్దున యార్డులో ఉమేష్ ఎదురొచ్చాడు. "బిళ్ళ తెచ్చినావా అన్నా? ఇంకా చేతిలో ఫోనేనా?"

ఉచ్చీరప్ప ఉత్త చేతులు చూపించాడు. ముస్తాక్ భాగం ఎప్పటిలాగే తీసిపెట్టమన్నాడు. అందరూ తనవైపే చూస్తుంటే, వాళ్లకు తెలియని సంగతి ఒక్కటే చెప్పాడు.

ఆ ఫోనును ముస్తాక్ ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. అతని రెండు కాళ్లూ, రెండు చేతులూ పడిపోయాయి.