శివమ్మ వేలూ మూడు బ్రౌజర్లూ

శంషాబాద్‌లో లేచే విమానాల్లో సగం మా నాయనమ్మ చూపుడువేలి మీదే ఎగురుతాయి. పైలట్లకు ఈ సంగతి తెలియదు, అది వాళ్ల ఖర్మ.

నాయనమ్మ పేరు శివమ్మ. బస్టాండు వెనక సందులో ఆమెకు ఇంటర్నెట్ దుకాణం ఉంది. తాత పోయాక ఒక్క జిరాక్స్ మిషన్‌తో మొదలుపెట్టింది. ఇప్పుడు గల్ఫ్‌కు పోయేవాళ్లు టికెట్లు తీయించుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు. పదో తరగతి దగ్గరే చదువుకు దండం పెట్టిన నేను పక్కన కూర్చుని కాగితాలు అందిస్తుంటాను.

ఆమె కంప్యూటర్‌లో మూడు బ్రౌజర్లున్నాయి. కోడళ్లకు పంచినట్టు వాటికి పని పంచింది. విమానం టికెట్లకు క్రోమ్. ఎడ్జ్ పేజీని పైకి చదివి వినిపిస్తుంది కాబట్టి కళ్లజోడు మరిచిన రోజు అది. బ్యాంకు పనికి ఫైర్‌ఫాక్స్. వెంటపడే ప్రకటనలవాళ్లను గుమ్మంలోనే ఆపుతుందని దాని మీద గురి. ఏదైనా పేజీ ఒకదాంట్లో వంకరగా కనబడితే మిగతా రెండింటిలో తెరిచి చూస్తుంది. మూడింటిలోనూ వంకరే అయితే, అది రాసినవాడికి పద్ధతి తెలియదని తీర్పు చెప్పి వాణ్ణి తిడుతుంది.

ఇంత తెలిసిన మనిషికి ఒక జబ్బు. ఎవరేమడిగినా కాదనలేదు. ఇంటికొచ్చిన మనిషి చాయ్ అడిగినా, తెర మీద ఒక డబ్బా లేచి పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనా అని అడిగినా ఆమెకు ఒకటే.

"పాపం, గంత మంచిగ అడుగుతుంటే వద్దని ఎట్లంటం రా?" అనేది. నేను నవ్వేవాణ్ణి.

మొన్న పొద్దున మామిడిపల్లి యాదయ్య వచ్చాడు. దుబాయిలో తాపీ పని చేస్తాడు. ఆ సాయంత్రమే విమానం. మర్నాడు పనిలో లేకపోతే తన జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటారని దిగులుగా చెప్పాడు. విమానం కంపెనీ పేజీలో తన పాస్‌వర్డ్ తానే కొట్టాడు. నాయనమ్మ క్రోమ్‌లో టికెట్ తీసి చేతికిచ్చింది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనా అని డబ్బా అడిగింది, ఆమె సరేనంది.

మధ్యాహ్నం కళ్యాణి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో గదులు సర్దే పిల్ల. దుబాయిలో నౌకరీ ఇస్తామన్నవాళ్లు ఇప్పుడే రావద్దన్నారట, టికెట్ రద్దు చేయాలంది. విమానం కంపెనీ యాదయ్యదే. పేజీ తెరవగానే పేరు, పాస్‌వర్డ్ గళ్లు వాటంతటవే నిండాయి. నాయనమ్మ మురిసిపోయి ఆ ఖాతాలోకి పోయింది. దుబాయి టికెట్ కనిపించింది, రద్దు నొక్కింది. నిజంగానే రద్దు చేయాలా అని తెర ఇంకోసారి అడిగింది. బాణం 'అవును' మీదికి చేరింది.

అప్పటిదాకా ఫోన్ మాట్లాడుతున్న కళ్యాణి వచ్చి తెరలోకి తొంగిచూసింది.

"అవ్వా, నేనెప్పుడు యాదయ్యనైన?"

వేలు మౌస్ మీద అట్లాగే ఆగిపోయింది. నాయనమ్మ నిద్రపోతున్న పామును దాటుతున్నట్టు బాణాన్ని మెల్లగా జరిపి, 'వద్దు' నొక్కింది.

వెంటనే యాదయ్యకు ఫోన్ చేసింది. దాచుకోలేదు.

"బిడ్డా, నీ టికెట్ నా చేతులతోనే ఊడగొట్టబోయిన."

అతను "ఇప్పుడైతే ఉందా అవ్వా?" అని మాత్రం అడిగాడు. ఉందని చెప్పి, కళ్యాణి పాస్‌వర్డ్ కళ్యాణి చేతే కొట్టించి ఆమె టికెట్ రద్దు చేసింది.

సగం శంషాబాద్ తాళంచెవులు మా దుకాణంలో పడి ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది. నాయనమ్మ షట్టరు సగం దించి, మూడు బ్రౌజర్లలోనూ దాచిన పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేసింది. వచ్చినవాళ్లకు ఇప్పుడు మూయగానే అన్నీ మరిచిపోయే ప్రైవేట్ కిటికీనే తెరుస్తోంది. ఇంత జరిగాక ఈ మూడింటిలో ఏది మంచిదో చెప్పమని అడిగి, నీ గురించి కథ రాస్తున్నానని అన్నాను.

"మూడూ మంచియే. అన్నిటికీ సరే సరే అన్నది నేను. నువ్వు రాసుడు ఆపి ముందు నీ ఫోన్ పాస్‌వర్డ్ మార్చు. నా పేరు పెట్టుకుంటే ఎవడైనా కనిపెడ్తడు."