మూత వ్యాగన్ మీద తప్పుడు అక్షరం

ఆ మనిషంటే నాకు కుళ్ళు. చెప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటమేమీ లేదు. దేశం కాని దేశంలో, ఈ బాతెల్ ఊళ్ళో మా పక్కింటి తెల్లాయన, డెబ్భై దాటినవాడు. గరాజ్‌లో కారుకి చోటు లేకుండా బొమ్మ రైళ్ళు పరుచుకుని కూర్చుంటాడు. అవీ మామూలు రైళ్ళు కావు. పాత జర్మన్ ప్రభుత్వ రైల్వేల గూడ్సు వ్యాగన్లు.

మా నాన్న కాజీపేట యార్డులో వ్యాగన్లు పరీక్ష చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నా దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చాడు. ఈ ఆర్నెల్లలోనైనా ఆయనతో తీరిగ్గా మాట్లాడుకోవాలని నా ఆశ. మూడో వారానికే ఆ గరాజ్‌లోకి జారుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా వాళ్ళకి భాషతో పనేముంది? ఆయన జర్మన్ వ్యాగన్ మీద 'జి' చూపిస్తే, నాన్న కాగితం మీద 'సి' రాస్తాడు. రెండూ మూత ఉన్న వ్యాగన్లకే. జర్మన్లు ఒక్కో రకం వ్యాగన్‌కి ఒక్కో ఊరి పేరు పెట్టేవాళ్ళని తెలిసిన రోజు అన్నం తింటున్నంతసేపూ అదే కబురు. మూత లేని వ్యాగన్‌కి అక్కడా ఇక్కడా 'ఓ' అనే రాస్తారని తేలినప్పుడైతే, ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వారు. వంటింటి కిటికీలోంచి చూశాను. కడుపు మండిపోయింది.

నా తొమ్మిదో ఏట, క్యారియర్ ఇవ్వడానికి యార్డుకి వెళ్ళినప్పుడు ఆ అక్షరాలకి అర్థమేంటని నాన్నని అడిగాను. "నీకెందుకవి? పోయి లెక్కలు చేస్కో" అని కసిరాడు. చేసుకున్నాను. చేసుకుంటూ చేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చాను. అక్షరాల అర్థాలు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత నెట్‌లో చూసి నేర్చుకున్నాను.

పక్కింటి పెద్దాయన మా నాన్న కోసం మన దేశపు వ్యాగన్ బొమ్మ ఒకటి చేశాడు. మూత ఉన్నదే. మెరూన్ రంగు కూడా వేశాడు. దాని మీద అంటించే తెల్లక్షరాలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసే పని నాకు అప్పగించారు. నాన్న గుండ్రటి అక్షరాలతో చీటీ రాసిచ్చాడు: బి సి ఎక్స్. నేను బి ఓ ఎక్స్ అని టైప్ చేశాను. పొరపాటున కాదు. స్నేహితుడి ముందు ఒక్కసారి ఆయన పరువు పోవాలి, అంతే.

స్టిక్కర్లు వచ్చిన రోజు నేనూ గరాజ్‌కి వెళ్ళాను. పెద్దాయన ఒకటి అంటించి, ఆగిపోయాడు.

"వెయిట్. ఓ అంటే ఓపెన్ కదా? దీనికి మూత ఉందే?"

నాన్న కళ్ళజోడు సర్దుకుని వ్యాగన్‌ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క అక్షరం తప్పు రాయలేదని పెళ్ళిళ్ళలో కూడా పిలిచి చెప్పుకునే మనిషి.

"సారీ. మై మిస్టేక్. ఐ రోట్ రాంగ్" అన్నాడు.

ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీదున్న తన చీటీ తీసి నా ముందు పెట్టాడు.

"ఏమైంది బిడ్డా నీకు?"

"ముందు నేనడిగిన నాన్నా. తొమ్మిదేండ్లప్పుడు. నాకు చెప్పలే. ఆయనకి రోజూ చెప్తున్నవ్."

ఏడుపొచ్చేసింది, ఈ వయసులో, సిగ్గు లేకుండా.

నాన్న నా ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్తే రోజూ చూడనీకి వస్తవనుకున్న. పట్టాల నడుమ తిరుగుతవని భయమైంది. మనుషులు ఆడ నలిగిపోంగ చూసినోన్ని."

చీటీ వెనక్కి తిప్పి, పెన్సిల్ తీసుకుని, మొదటి అక్షరం పెద్దగా రాశాడు.

"ఇగో చూడు. బి అంటే బోగీ వ్యాగన్."

నాకు తెలుసని చెప్పలేదు. నా కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"మరి సి అంటే?" అని అడిగాను.