చీలిక మీద బొటనవేలు

ఖుర్సీపార్‌లో పాత కార్లు బాగుచేసే యర్రయ్యకు మతిమరుపు ఎక్కువ. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని దుకాణమంతా వెతుకుతాడు. ఇరవై రెండేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం మాత్రం మరిచిపోలేదు. మరిచిపోతాడా మరి?

అప్పుడతను పక్కనే ఉన్న హథ్‌ఖోజ్‌లో భుజంగరావు గ్యారేజీలో మెకానిక్కు. యజమానికి ప్రాణంతో సమానమైన జపాన్ కారు ఒకటుండేది. దాని కార్బురేటర్ ఎంత పెట్రోలు వదలాలో ఒక కంప్యూటర్ డబ్బా చెబుతుంది. ఉన్నట్టుండి ఆ కారు దగ్గుతూ ఆగిపోసాగింది. యర్రయ్య మీటరు తగిలించి చూశాడు. మధ్యలో ఊగాల్సిన ముల్లు ఒక చివరకు అతుక్కుపోయింది. డబ్బా బాగానే ఉందని, ఎక్కడో దొంగగాలి దూరుతుంటే అది ఇంకా పెట్రోలు పొయ్యమని మొత్తుకుంటోందని, ఒక్కరోజు టైమిస్తే పట్టుకుంటానని చెప్పాడు. భుజంగరావు వింటేగా! డబ్బా నువ్వే కాల్చావన్నాడు. పదిమంది ముందు గ్యారేజీ చొక్కా విప్పించి, బనీనుతో ఖుర్సీపార్‌లోని ఇంటిదాకా నడిపించాడు. ఆనాటి నుంచి అందరి నోటా అతను 'డబ్బా కాల్చిన యర్రయ్య'.

కొత్త డబ్బా వేసినా కారు దగ్గు మానలేదు. ఇన్నేళ్లూ టార్పాలిన్ పట్టా కింద పడి ఉంది. ఇప్పుడు మనవరాలి పెళ్లి ఊరేగింపుకు అదే కావాలట. ఈనాటి మెకానిక్కులకు కార్బురేటరే కొత్త. దాంతో భుజంగరావు కారును లాగించుకుని యర్రయ్య గుమ్మంలోకే రావాల్సి వచ్చింది.

యర్రయ్య మర్యాదగా కుర్చీ వేశాడు. లోపల మాత్రం కుతకుతలాడిపోతున్నాడు. బ్యాటరీ, పెట్రోలు మార్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి మీటరు పెట్టాడు. ముల్లు మళ్లీ అదే చివర. చెవి ఒగ్గి విన్నాడు. కార్బురేటర్ అడుగున రబ్బరు పైపు మడతలో సన్నటి చీలిక, సుయ్‌మని గాలి పీలుస్తోంది. తన వేలు పెడితే సరిపోయేది. పెట్టలేదు. చుట్టుపక్కల దుకాణాల వాళ్లందరినీ టీకి పిలిచాడు. అందరూ చేరాక భుజంగరావు వైపు తిరిగాడు.

"బాబూ, ఇక్కడ మీ ఏలెట్టండి."

భుజంగరావు వంగి బొటనవేలితో చీలిక మూశాడు. దగ్గు ఆగింది. ముల్లు కదిలి మధ్యకొచ్చి ఊగసాగింది.

"ఏలు తియ్యకండి. ఆ డబ్బా ఎవులు కాల్సినారో సెప్పండి."

ఎవరూ కాల్చలేదని భుజంగరావు గొణిగాడు. యర్రయ్య తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

"రొదలో వినబళ్లేదు బాబూ. పేరెట్టి సెప్పండి."

"యర్రయ్య కాల్చలేదు. తప్పు నాది."

ఆ మాట అందరూ విన్నారు. ఇరవై రెండేళ్ల మంట చల్లారిందా అంటే, ఇంకా కొంచెం మిగిలే ఉంది. పైపు మార్చి ఉంచుతానని, కారు రేపు తీసుకెళ్లమని యర్రయ్య చెప్పాడు. భుజంగరావు ఆటో కోసం ఫోను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"హథ్‌ఖోజ్ ఎంతో దూరం నేదు, నడిసెల్లండి. సొక్కా ఏసుకునే ఎల్లండి, పర్నేదు."