కర్పూరం ముందు ఒట్టు

స్టీలుప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో, విశాఖపట్నంలో ప్రొబేషన్ ఆఫీసర్లకు మాట్లాడటం నేర్పే పని నా నెత్తిన పడింది. జైలుకు పంపకుండా కోర్టు షరతు మీద వదిలిన మనుషులను కనిపెట్టుకుని ఉండటం వాళ్ల ఉద్యోగం. మాట్లాడటం అన్నాను గానీ, నిజానికి నేర్పాల్సింది నోరు మూసుకోవడం. ఒక్క ప్రశ్న అడగండి, అవతలి మనిషి చెప్పేదాకా ఆగండి, మారాలన్న మాట అతని నోటే రానివ్వండి. ఇంతే పాఠం. గోడకు చెప్పినా ఈపాటికి వినేదనిపించేది.

అందరిలోకీ నన్ను ఎక్కువ విసిగించింది కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక పెద్దవయసు ఆఫీసరు. చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి ఊరుకునేదాన్ని. "చూడు బాబూ" అని మొదలుపెట్టాడంటే ఎదుటివాడి తాతల పరువు దగ్గర్నుంచి పిల్లల పెళ్లిళ్ల దాకా పోయేవాడు. చివర్లో సొరుగులోంచి కర్పూరం తీసి, కేలండర్లో దేవుడి ముందు వెలిగించి, ఒట్టు వేయించేవాడు.

నేను పక్కన కూర్చుని ఉండగానే కంచరపాలెం మనిషి ఒకడికి అదే చేశాడు. మందు కోసం ప్లాంటు కట్టేచోట ఇనపముక్కలు ఎత్తుకుపోయి దొరికినవాడు. తాగుడు ఎలా మొదలైందో అడగమని నేను దగ్గాను, గొంతు సవరించాను. వింటేగా! వెంట వచ్చిన కూతురి నెత్తిన చెయ్యి పెట్టించి, ఇక మందు ముట్టనని అనిపించాడు. ఎలా ఉంది అన్నట్టు నావైపు చూశాడు కూడా.

హాజరు వేయించుకోవలసిన రోజున ఆ మనిషి రాలేదు. కబురు పెట్టినా రాలేదు. రాకపోతే కోర్టుకు రాయాలి, రాస్తే జైలే. ఒట్టేసి కూడా ఎగ్గొట్టాడు, వీళ్లింతే మేడమ్ అంటూ ఆఫీసరు పెన్ను తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు ఇంటికెళ్లి అడుగుదాం పదండని లేవదీశాను.

ఇంట్లో భార్య చెప్పింది. అతను తాగొచ్చిన మర్నాడే పిల్లకు జ్వరం వచ్చిందట. ఒట్టు తగిలిందని హడలిపోయి, తను దగ్గరుంటే పిల్లకు కీడని జ్వరం తగ్గాక కూడా గుమ్మం తొక్కకుండా దువ్వాడ స్టేషన్లో పడుకుంటున్నాడట.

ప్లాట్‌ఫారం చివర దొరికాడు. ఆఫీసరు నోరు తెరిచి, నా మొహం చూసి, ఎందుకు రాలేదని ఒక్కటే అడిగి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఎంత కష్టంగా ఉందో ఆయన దవడలు చూస్తే తెలిసింది. గూడ్సు బండి ఒకటి వెళ్లిపోయింది.

"తాగీసినాను బాబూ. సెప్పడానికి నానొత్తే మల్లీ పాప నెత్తిమీద సెయ్యెట్టమంతారు. నాకున్నది ఒక్కర్తే కూతురు."

ఆఫీసరు వెళ్లి అతని పక్కనే కూర్చున్నాడు.

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. ఇంటికి పద" అన్నాడు, ఆటలో పిల్లలు అన్నట్టే, జుట్టు నెరిసిన మనిషి. అన్నాళ్లుగా ఆయన మీద పళ్లు నూరుతున్న నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్సులో ఆ మనిషి తనంతట తానే తాగుడు సంగతి ఎత్తాడు. కంచరపాలెం వచ్చేదాకా ఆఫీసరు అడ్డు రాలేదు.