బట్ట, మేక, పిట్ట

దర్జీ పెళ్ళికి తన చొక్కా తనే కుట్టుకున్నాడు. తొందరలో రెండూ ఎడమ చేతులే వేశాడు. పిల్లలకి మీసాలొచ్చినా అత్తవారింట్లో ఆ కథ పాతబడలేదు. చుట్టాలెవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు అదే అందిస్తారు. దానికి తోడుగా రెండోది చేరకూడదని దర్జీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతుకుతున్నాడు.

అలాంటి మనిషికి బావమరిది ఫోన్ చేసి, "బావా, రేపు పొద్దున్నే మీ వ్యాను కావాలి. బట్టమేక కోసం వెళ్ళాలి" అన్నాడు. బావమరిది లెక్కల మాస్టారు. మంచివాడే గానీ మాటల్లో మహా పొదుపరి. దర్జీ కూడా ఇంకేమీ అడగలేదు. మేక అన్నాక తాడు కావాలి, మేత కావాలి. రెండూ వ్యానులో స్కూలు యూనిఫాంల మూటల పక్కన సర్దాడు. బట్టలు తినే రకం కాబోలు, అందుకే ఆ పేరు అనుకుని మూటల మీద దుప్పటి కూడా కప్పాడు.

గడ్డిమైదానం చేరేసరికి వసంతకాలపు ఎండ ఇంకా లేతగానే ఉంది. బావమరిది మెడలో బైనాక్యులర్స్, దర్జీ చేతిలో తాడు. వెంట వచ్చిన భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అసలు మీ బావకి ఏం చెప్పి తీసుకొచ్చావురా అని తమ్ముణ్ణి అడిగింది. అప్పుడు తెలిసింది, బట్టమేక అంటే పిట్ట అని. నడుమెత్తు పిట్ట. ఎక్కడో ఒకటీ అరా తప్ప మిగల్లేదు. బావమరిది ఏటా వసంతంలో దానికోసం తిరుగుతున్నాడు, ఇంతవరకూ ఈక కూడా చూడలేదు.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వ్యాను చాటుకి వెళ్ళింది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడటం పక్క అద్దంలో కనిపిస్తూనే ఉంది. ఈ తాడు సంగతి పుట్టింటికి చేరిందా, ఇక అంతే. పరువు దక్కాలంటే దారి ఒక్కటే, ఆ పిట్టని అందరికంటే ముందు తనే చూడాలి.

బావా బావమరుదులు గడ్డిలో బోర్లా పడుకున్నారు. దర్జీకి కనబడిందల్లా పిట్టే. ఒకటి రాయి, ఒకటి చీమలపుట్ట, ఒకటి పగిలిన కుండ. "అది కాదు బావా" అని బావమరిది మర్యాదగా అంటూ అంటూ చివరికి అదీ మానేశాడు.

ఇంతలో వ్యాను దగ్గర చప్పుడైంది. మేత వాసనకి ఎవరిదో మేక వచ్చింది. మేత కానిచ్చి, దుప్పటి లాగి, యూనిఫాం చొక్కా ఒకటి నోట కరుచుకుని గడ్డిలోకి పరుగు లంకించుకుంది. చొక్కా పోతుంటే దర్జీకి ఇక పిట్టా లేదు, పరువూ లేదు. తాడు పుచ్చుకుని వెంటపడ్డాడు.

"పడుకోండి బావా, మీకు దణ్ణం పెడతాను" అని బావమరిది గుసగుసగా బతిమాలాడు.

మేక ఒక గుబురుని రాసుకుంటూ పోయింది. ఆ గుబురు లేచి నిలబడింది. తెల్లటి పొడుగు మెడ, గోధుమరంగు కోటు, నెత్తిన నల్లటోపీ. కొలతలివ్వడానికి వచ్చిన పెద్దమనిషిలా దర్జీ వంక ఒక్క చూపు చూసి, బరువుగా రెక్కలు విప్పి వాళ్ళ తలల మీదుగా వెళ్ళిపోయింది.

బావమరిది బైనాక్యులర్స్ ఎత్తడమే మరిచిపోయాడు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు.

"ముందు చూసిందెవరు?" అన్నాడు దర్జీ, రొప్పుతూ.

"మేక" అంది భార్య.

అత్తవారింట్లో ఇప్పుడు రెండు కథలున్నాయి. రెండోదానికి మాత్రం అందరూ నవ్వబోయే ముందు బావమరిది అడ్డం పడి, కానీ కనిపించింది కదా అంటాడు. మళ్ళీ వసంతం రాగానే ఫోన్ చేశాడు.

"బావా, రేపు వ్యాను కావాలి." కాస్త ఆగి, "మేత కూడా వేసుకురండి" అన్నాడు.